పిట్టగోడ ఎవరికొరకు?

ధ్యాన భాగములు: ద్వితీయోపదేశకాండము 22:8; నిర్గమకాండము 21:33, 34



మోషే ధర్మశాస్త్రములో ఒక చిన్న ఆజ్ఞ కలదు. కొత్త ఇల్లు కట్టుకొనువాడు దాని పైకప్పు చుట్టు పిట్టగోడ కట్టవలెననియు, కట్టని యెడల అక్కడనుండి ఎవడైనను పడి చచ్చినప్పుడు ఆ రక్తాపరాధము ఆ ఇంటిమీదికే వచ్చుననియు దాని భావము. పది ఆజ్ఞలను మన పిల్లలచేత కంఠస్థము చేయించుదుము గాని, ఈ ఆజ్ఞను ఎవరికిని నేర్పము. అది మేస్త్రీకి చెందిన మాటయే గాని భక్తికి చెందినది కాదని తలంచి దాటిపోవుదుము.

ఇశ్రాయేలీయుల ఇండ్ల పైకప్పులు మన డాబాలవలె చదునుగా ఉండెడివి. రాహాబు తన మిద్దెమీద జనుపకట్టె ఆరబెట్టి, దాని క్రింద వేగులవారిని దాచెను. పేతురు యొప్పేలో ప్రార్థన చేయుటకు మిద్దెనెక్కెను. వేసవిలో జనులు అక్కడనే పండుకొనెడివారు. అంతమంది ఎక్కి దిగు చోటు గనుక దేవుడు దానిమీద దృష్టి యుంచెను.

ఈ ఆజ్ఞలో రెండు సంగతులు గమనింపవలెను. మొదటిది, మోయాబు మైదానములో దీనిని వినినవారికి ఇండ్లే లేవు. వారు గుడారములలో నుండిరి. ఒకడు పడి చచ్చిన తరువాత కాక, ఇల్లు కట్టక ముందే దేవుడు పిట్టగోడను గూర్చి చెప్పెను. రెండవది, పిట్టగోడ ముఖ్యముగా ఇంటి యజమానుని కొరకు కాదు. తన మిద్దె అంచు ఎక్కడనున్నదో అతడు చీకటిలోనైనను ఎరుగును. ఎరుగనివారు అతిథియు, పసిబిడ్డయు, కూలికి వచ్చినవాడును. గోడ వారి కొరకే.

గత నెలలో మన సంఘమునుండి వలసపోయిన ఒక కుటుంబమును దర్శించుటకు హైదరాబాదు పోయితిని. వారు ఫిల్మ్ నగర్ బస్తీలో ఒక గది అద్దెకు తీసికొని కాపురమున్నారు. ఆ చోటు చూడనివారికి రెండు మాటలు చెప్పెదను. జూబిలీ హిల్స్ ఒకప్పుడు నల్లరాతి గుండ్లును తుప్పలును గల గుట్ట. తెలుగు సినిమా పరిశ్రమ మద్రాసునుండి మెల్లగా తరలివచ్చిన కొలది అన్నపూర్ణ, పద్మాలయ, రామానాయుడు స్టూడియోలు ఈ ప్రాంతమున వెలసినవి. గుండ్లు పగిలి మేడలు లేచినవి. ఆ మేడలలో పనిచేయువారును, స్టూడియోలలో దీపములు మోయువారును, వంటవారును, డ్రైవర్లును పల్లపు బస్తీలలో ఇరుకైన గదులలో నుందురు.

గుట్టమీది వీధులలో నడచినప్పుడు నా కంటికి ముందుగా కనబడినవి ప్రహరీగోడలు. అవి బహు ఎత్తైనవి. పైన ఇనుప ముండ్లతీగ, ప్రక్కన కావలివాడు. గోడలు కట్టుకొనుట పాపము కాదు. మన గ్రామములోను మోతుబరి ఇంటికి ప్రహరీ కలదు. అయితే ప్రహరీగోడ మన సొత్తును ఇతరుల చేతినుండి కాపాడును. పిట్టగోడ ఇతరుల ప్రాణమును మన కట్టడమునుండి కాపాడును. మనుష్యుడు మొదటిదానిని ఎవరును చెప్పకయే కట్టుకొనును. రెండవదానికి ఆజ్ఞ కావలసి వచ్చెను.

ఆ కుటుంబపు యజమానుడు సినిమా లైట్‌మేన్. సెట్టుమీద చాల ఎత్తున కట్టిన పలకలపై నిలిచి బరువైన లైట్లు త్రిప్పుట అతని పని. "అయ్యగారూ, పైన పట్టుకోడానికి ఏమీ ఉండదండీ. కాలే కన్ను," అని నవ్వుచు చెప్పెను. తనతో పనిచేయు ఒకడు రెండేండ్ల క్రిందట జారిపడి నడుము విరిగి, ఇప్పుడు తన ఊరిలో మంచమునకు అంటుకొని యున్నాడట. చేతిలో కొంత డబ్బు పెట్టి పంపివేసిరట. ఇంటర్మీడియట్ చదువుచున్న కుమారుడు ఆ మాటలు వినుచుండి, "అయ్యగారూ, ఢిల్లీలో ఏవో కొత్త చట్టాలంటున్నారు కదండీ. వాటివల్ల మా నాన్నకేమైనా మేలు జరుగుతుందా?" అని నన్నడిగెను. నాకు సరియైన జవాబు తెలియలేదు. ఇంటికి వచ్చి పత్రికలు చదివి, తెలిసినవారి నడిగి తెలిసికొన్నదానిని, ఆ బాలునికి చెప్పినట్లే ఇక్కడ వ్రాయుచున్నాను.

ఇటీవలి సంవత్సరములలో మన పార్లమెంటు ఆరోగ్యమును, విద్యుత్తును, అడవులను, ప్రజల భద్రతను గూర్చి అనేక చట్టములను తెచ్చినది. వాటిలో లైట్‌మేన్‌కు దగ్గరగా వచ్చునది 2020లో ఆమోదింపబడి 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యము, పని పరిస్థితుల స్మృతి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమును, 1981 నాటి సినీ కార్మికుల చట్టమును కలిపి మొత్తము 13 చట్టములు ఇందులో ఒక్కటైనవి. సినిమా పనివానిని వ్రాతపూర్వకమైన ఒప్పందము లేక పనిలో పెట్టుకొనరాదనియు, ఆ ఒప్పందములో భద్రత, పనిగంటల సంగతి ఉండవలెననియు ఇది చెప్పుచున్నది. నియామక పత్రములు, నిర్ణయింపబడిన పనివారికి ఏటేట ఉచిత వైద్య పరీక్షలు ఇందులో కలవు. ఇవి మంచివి. చేతిలో కాగితము లేని పేదవానికి ఒక కాగితము దొరకుట అల్పమైన మేలు కాదు.

అయితే అదే స్మృతిలో మరియొక మాట యున్నది. పూర్వము విద్యుత్తుతో నడచు చోట పదిమంది పనివారున్న యెడల అది ఫ్యాక్టరీ అని 1948 చట్టము ఎంచెను; ఇప్పుడు ఇరువదిమంది ఉండవలెను. విద్యుత్తు లేని చోట ఇరువది నలువది అయినది. ప్రమాదకరమైన పనులకు వేరు నియమములు కలవు. అయినను పదునైదుగురు పనిచేయు సాధారణమైన షెడ్డు ఈ లెక్కనుబట్టి ఫ్యాక్టరీ కాకపోయెను.

ఇక్కడనే మన ప్రశ్న పుట్టుచున్నది. చట్టపు గీత జరిగినప్పుడు రక్తాపరాధము కూడ జరుగునా? నిన్న పదునైదుగురి ప్రాణములకు బాధ్యుడైనవాడు నేడు కాడా?

చట్టములను సులువు చేయవలెననువారి వాదమును మనము త్రోసివేయరాదు. చట్టములు మితిమీరినప్పుడు తనిఖీ చేయువాని చేయి తడియును గాని పనివాని ప్రాణము నిలువదనియు, చిన్న యజమానుడు రిజిస్టర్లు నింపుటలోనే అలసిపోవుననియు వారందురు. ఇందులో సత్యమున్నది. 2016 జూలై 24న ఫిల్మ్ నగర్ కల్చరల్ సెంటర్ ఆవరణలో కట్టుచుండిన పోర్టికో కూలి ఇద్దరు కూలీలు చనిపోయిరి. కట్టడ నియమములును, 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టమును అప్పటికే యున్నవి. చట్టము ఉన్నంతమాత్రమున అది తానే వచ్చి శ్లాబు క్రింద నిలువదు. కాని ఇందునుబట్టి గోడ అక్కరలేదను తీర్మానమునకు రారాదు. గోడ కట్టవలసినవాని మనస్సాక్షి మేలుకొననిదే చట్టము కాగితమే యనునది దీనినుండి మనము నేర్చుకొనవలసినది.

ఇంతకంటె పెద్ద మిద్దె ఒకటి మన తీరమున కట్టదలచియున్నారు. శ్రీకాకుళము జిల్లా కొవ్వాడలో ఒక్కొక్కటి 1208 మెగావాట్ల ఆరు అణు రియాక్టర్లు నిర్మింపవలెనని ప్రభుత్వపు ఆలోచన. 2025 డిసెంబరులో పార్లమెంటు "శాంతి" అను పేరుగల అణుశక్తి చట్టమును ఆమోదించెను. 1962 నాటి అణుశక్తి చట్టమును, 2010 నాటి అణు నష్టపరిహార చట్టమును తీసివేసి, ఇది ప్రైవేటు కంపెనీలకు ద్వారము తెరచినది. 2047 నాటికి 100 గిగావాట్ల అణువిద్యుత్తు కావలెనని దేశము కోరుచున్నది. బొగ్గు పొగవలన కలుగు కీడును ఎరిగినవారు ఆ కోరికను తేలికగా ఎగతాళి చేయలేరు. విద్యుత్తు లేనిదే మన పొలములో మోటారు తిరుగదు, ఆసుపత్రిలో దీపము వెలుగదు.

గాని నిర్గమకాండములో గోతిని గూర్చిన ఆజ్ఞను జ్ఞాపకము చేసికొందము. ఒకడు గొయ్యి త్రవ్వి కప్పక విడిచినందున పొరుగువాని పశువు అందులో పడిన యెడల, ఆ గొయ్యి గలవాడే నష్టము అచ్చుకొనవలెను. 1984లో భోపాలులో జరిగినది మన దేశము మరువలేదు. 2010 చట్టము వ్రాయబడినప్పుడు ఆ జ్ఞాపకము బలముగా నుండెను. కనుకనే చెడిన యంత్రమును అమ్మినవానినుండి కేంద్రమును నడుపువాడు పరిహారము తిరిగి రాబట్టుకొను హక్కును అందులో ఉంచిరి. కొత్త చట్టములో, ఒప్పందములో వ్రాసికొననిదే ఆ హక్కు లేదు. నడుపువాని బాధ్యతకు రియాక్టరు పరిమాణమునుబట్టి హద్దు పెట్టిరి. మిక్కిలి పెద్దదానికి 3000 కోట్ల రూపాయలు. కంపెనీలు భయపడక ముందుకు రావలెనని ఇట్లు చేసిరి. న్యాయస్థానములో అడుగదగిన సొమ్మునకు హద్దు ఉండవచ్చును. కాని కొవ్వాడ జాలరి తన వలను, తన సముద్రమును, తన బిడ్డల ఆరోగ్యమును పోగొట్టుకొన్న యెడల ఆ నష్టము హద్దునొద్ద ఆగునా? గొయ్యి త్రవ్వినవాడు, గడ్డపార అమ్మినవాడు, త్రవ్వుమని సెలవిచ్చినవాడు ముగ్గురును దేవుని యెదుట నిలుతురు. ఆ వెలుగును కోరుకొన్న మనమును నిలుతుము.

గుట్టమీదనే యున్న మరియొక ఉదాహరణ చెప్పి ముగించెదను. జూబిలీ హిల్స్ నడుమ 350 ఎకరములకు పైగా గల కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనము కలదు. 1998లో దానిని జాతీయ ఉద్యానవనముగా ప్రకటించిరి. నెమళ్ళు ఇంకను అక్కడ కూయుచున్నవి. ఇట్టి వనముల చుట్టు కొంత మేర జాగ్రత్తగా కాపాడవలసిన వలయమును కేంద్ర ప్రభుత్వము నిర్ణయించును. అడవికి అదియే పిట్టగోడ. 2020లో ఆ వలయము ఒక చోట 29.8 మీటర్లుగాను, మరియొక చోట 3 మీటర్లుగాను నిర్ణయింపబడెను. మూడు మీటర్లనగా రెండు మంచముల పొడవైనను లేదు. నగరములో బాటలు ఇరుకైనవి, వాహనములు పెరిగినవి, నిజమే. కాని రేపు ఈ మిద్దె ఎక్కబోవు పిల్లలు ఇంకను పుట్టలేదు. వారి పక్షమున మాటలాడువాడు సభలో లేడు. అట్టివారి కొరకే దేవుడు ముందుగా ఆజ్ఞ ఇచ్చును.

కాబట్టి ఆ బాలునికి నా జవాబు ఇది: "బాబూ, చట్టము మీ నాన్నకు కొంత మేలు చేయును. ఆ కాగితమును అడుగుమని మీ నాన్నకు చెప్పుము. అడుగుట అవిధేయత కాదు. కాని చట్టము గోడ యొక్క కనీసపు ఎత్తును మాత్రమే చెప్పగలదు. ఎవరు ఎక్కుదురో చూచి దానికి తగినంత కట్టునది ప్రేమ." ప్రేమ పొరుగువానికి కీడు చేయదని పౌలు రోమీయులకు వ్రాసినప్పుడు, అదియే ధర్మశాస్త్రము నెరవేరుట యని చెప్పెను. చట్టము గీతను ఎత్తినను దించినను క్రైస్తవుడు తన బాధ్యతను గీతతో కొలువరాదు. గీతకు బయటనున్న పదునైదుగురును అతనికి పొరుగువారే.

ప్రియులారా, ఇంతవరకు ఢిల్లీని, జూబిలీ హిల్స్‌ను గూర్చి ధైర్యముగా వ్రాసితిని. ఇప్పుడు సిగ్గుతో ఒక మాట వ్రాయవలెను. ఆ ప్రయాణమునుండి తిరిగివచ్చిన సాయంకాలము మన మందిరపు శ్లాబు ఎక్కితిని. దానికి పిట్టగోడ లేదు. ఎనిమిదేండ్ల క్రిందట శ్లాబు వేసినప్పుడు డబ్బు చాలక, గోడ తరువాత చూచుకొందమంటిమి. గంటగోపురమునకు మాత్రము చందాలు వచ్చెను, ఏలయనగా దానిమీద దాతల పేర్లు చెక్కుదుము. పిట్టగోడమీద ఎవరి పేరును చెక్కరు. గడచిన క్రిస్మసుకు నక్షత్రము కట్టుటకు పైకెక్కిన ఒక బాలుడు, తీగ లాగుచు వెనుకకు నడచి అంచునకు జానెడు దూరములో ఆగెను. క్రిందనున్న అతని తల్లి కేక వేయుటచేత ఆగెను. నేను ఆ రాత్రి దేవునికి స్తోత్రము చెల్లించి, నిద్రపోయి, మరచిపోతిని. లైట్‌మేన్ మాట వినువరకు అది నాకు జ్ఞాపకమునకు రాలేదు. ఆ బాలుడు పడియుండిన యెడల ఆ రక్తము ఏ కంపెనీమీదను ఉండెడిది కాదు. నామీదను కమిటీమీదను ఉండెడిది. మా మందిరమునకు పిట్టగోడ కావలెనని ఏ అధికారియు నన్నడుగలేదు. అడుగనందున నేను నిర్దోషినైతినా?

ఈ నెల సంఘ కమిటీలో పిట్టగోడను మొదటి అంశముగా పెట్టితిమి. ఇటుకలు ఒక కుటుంబము ఇచ్చుచున్నది, కూలి మనమే చేయుదుము. మీరును మీ మిద్దె, మీ బావి, మీ పొలములోని కరెంటు తీగ, పురుగుమందు డబ్బా పెట్టిన మూల, ఒకసారి పోయి చూడుడి. ఈ చోటు ఎరుగనివాడు ఇక్కడికి వచ్చిన యెడల అతనికి ఏమగునని అడుగుడి. పిమ్మట పాలకులను ప్రశ్నించుడి. వారు మన మేలు కొరకైన దేవుని పరిచారకులు గనుక ప్రశ్నించుట తగును. ఓటు అడుగవచ్చినవారిని ఈ సంగతులు కూడ అడుగుడి.

ప్రార్థన: ప్రభువా, మా సొత్తు చుట్టు ఎత్తైన గోడలు కట్టుకొని, మా పొరుగువాడు పడు చోటున గోడ లేకుండ విడిచితిమి. మమ్మును క్షమించుము. ఎత్తైన చోట్ల పనిచేయువారి పాదములను కాపాడుము. చట్టములు చేయువారికి, కట్టడములు కట్టువారికి నీ భయమును దయచేయుము. నీవు అడుగకముందే మా సహోదరునికి కావలియుండుటకు మాకు నేర్పుము. ఆమేన్.