ఎవరి దగ్గర నేర్చుకున్నారు?

1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లెలోని దివ్యజ్ఞాన కళాశాలలో విడిది చేశారు. ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ ఐర్లండ్ కవి. ఆయన భార్య మార్గరెట్‌దీ ఆ దేశమే, సంగీతంలో పట్టా పుచ్చుకున్నావిడ. ఒక సాయంత్రం ఠాగూర్ ‘జన గణ మన’ పాడారు, విద్యార్థులు గొంతు కలిపారు. మార్గరెట్ ఆ బాణీని స్వరలిపిలో రాశారు. ఆ పాటను ఠాగూర్ ఇంగ్లీషులోకి తెచ్చిందీ అక్కడే, ఫిబ్రవరి 28న.

మదనపల్లెవాళ్లు గర్వంగా చెప్పుకునే ఈ కథలో కాసేపు ఆగాల్సిన చోటు ఒకటుంది. ఒక గొంతులోంచి వస్తున్న బాణీని, మరో దేశపు పాటలతో పెరిగిన చెవి పట్టుకోవడం.

ఆ చెవి పుట్టిన ఐర్లండ్‌లో పాతకాలపు నాట్యబాణీలు తరతరాలుగా వినికిడి మీదే నడిచాయి. జిగ్ అనేది వాటిలో ఒక రకం. మన లెక్కలో చెప్పాలంటే ‘తకిట తకిట’ నడక. సాధారణంగా రెండు భాగాలు, ఒక్కోటి రెండేసిసార్లు. ఫిడేలు మీద ఒకరు అందుకుంటే పక్కవారు కలుస్తారు. పేరేమిటని అడిగితే చాలాసార్లు తెలియదంటారు. ఫలానా ఊరాయన దగ్గర నేర్చుకున్నానని మాత్రం చెబుతారు.

పేరు తెలియకుండానే బాణీ మొత్తం వేళ్లకు వచ్చేస్తుంది. పేరు మాత్రమే తెలిసినవారికి ఒక్క స్వరమూ రాదు. మరి పేరు కోసం వెతుకులాట ఎందుకు? ఆ బాణీ ఎన్ని చేతులు దాటి తన దాకా వచ్చిందో తెలుసుకోవాలనే తపనే నేర్చుకున్నవారిని నిలవనివ్వదు.

ఆ తపనతోనే షికాగో పోలీసు అధిపతిగా పనిచేసిన ఫ్రాన్సిస్ ఓనీల్ 1903లో 1,850 ఐరిష్ బాణీలు అచ్చువేశారు. స్వరాలు రాయడం ఆయనకు పట్టుబడలేదు. ఆయన వినిపిస్తుంటే జేమ్స్ ఓనీల్ అనే మరొకాయన రాసేవారు. పేర్ల చిక్కు మాత్రం అచ్చుతో తీరలేదు. ఒకే బాణీకి ఊరికో పేరు, ఒకే పేరుకు రెండు మూడు బాణీలు! తర్వాతి తరంలో బ్రెండన్ బ్రాన్నాక్ పేర్లను పక్కనపెట్టి, బాణీ ఎత్తుగడలోని స్వరాలనే అంకెలుగా మార్చి సూచిక కట్టారు. పేరు లేనివాటికీ అందులో చోటు దొరికింది.

పేరు పోగొట్టుకుని మన దగ్గర స్థిరపడిన ఐరిష్ బాణీలూ ఉన్నాయి. పాశ్చాత్య బాణీలకు ముత్తుస్వామి దీక్షితులు కట్టిన నొట్టుస్వరాల్లోని ‘వందే మీనాక్షి’ బాణీ ఐర్లండ్‌లో ‘రేక్స్ ఆఫ్ మాలో’. ఆ సంగతి తెలియకుండానే ఎందరో పిల్లలు దాన్ని నేర్చుకున్నారు. యువకుడైన ఠాగూర్ కూడా 1881 నాటి ‘వాల్మీకి ప్రతిభ’లో వనదేవతల విలాపానికి ఒక ఐరిష్ బాణీని తీసుకున్నారు. అంటే మదనపల్లెలో మార్గరెట్ వింటున్న గొంతుకు ఆవిడ దేశపు పాటలతో అప్పటికే పరిచయం ఉంది.

అయితే స్వరలిపి ఒకనాటి పాటను మాత్రమే పట్టుకుంటుంది. మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పం దాకా పల్లెల్లో చెక్కభజన, కోలాటం బాణీలు గురువును బట్టి, అడుగును బట్టి మారుతుంటాయి. కుప్పం దగ్గర తెలుగు, కన్నడం, తమిళం కలిసే చోట బాణీ ఒకటే ఉండి మాటలు మారిపోవడంలో వింత లేదు. రామాలయం ముందు పెద్దల వెనక నిలబడి అడుగు వేసిన పిల్లవాడికి ముందు వచ్చేది దరువు, తర్వాత పాట. పేరు అసలు రాకపోవచ్చు. ‘మా అవ్వ పాడేది’ అన్న జవాబే ఆ పాటకున్న చిరునామా. ఆ అవ్వ పేరు రాసుకోకపోతే మరో తరానికి ఆ చిరునామా కూడా మిగలదు.

ఫోన్‌లో పాట పట్టడం ఇప్పుడు అందరికీ వచ్చు. రికార్డు చేసే ముందు పాడేవారిని మూడు మాటలు అడగాలి: దీన్ని మీరేమంటారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఏ సందర్భంలో పాడతారు? పేరు లేదంటే ‘పేరు లేదు’ అనే రాసుకోవాలి, సొంతంగా తగిలించకూడదు. ఎత్తుగడ స్వరాలు పక్కన రాసిపెట్టాలి. రేపు పలమనేరు వైపు ఇంకో బృందం అదే బాణీని వేరే మాటలతో ఎత్తుకున్నప్పుడు, రెండూ ఒకటేనని గుర్తుపట్టడానికి ఆ కాగితం అక్కరకొస్తుంది.