నా బండి అనే మాట

మనిషి తన వస్తువును పొగడేటప్పుడు ఆ పొగడ్త వస్తువుకు చెందుతుందా, మనిషికి చెందుతుందా? ప్రశ్న చిన్నదిగానే కనబడుతుంది. కాని కలకత్తాలో ఏ వీధి అరుగుమీదనైనా ఒక సాయంకాలం కూర్చున్నవాడికి అది ఎంత పెద్దదో తెలుస్తుంది. వంగీయులు అడ్డా అని పిలుచుకొనే ఆ కబుర్ల కొలువులో దేవుడు ఉన్నాడా లేడా అన్న వాదం అరగంటలో ముగిసిపోవచ్చు. అంబాసిడర్ గొప్పదా, ఫియట్ గొప్పదా అన్న వాదం మాత్రం తండ్రి నుంచి కొడుకుకు ఆస్తివలె సంక్రమించింది.

అంబాసిడర్ పక్షంవారి వాదం మనకు తెలిసినదే. దాని రేకు మందం. వానాకాలంలో వీధులు ఏరులైనా అది సాగిపోతుంది. ఇంటిల్లిపాదీ అందులో పడతారు. ఏ పల్లెలో ఆగిపోయినా సుత్తి పట్టడం వచ్చినవాడు దానిని తిరిగి నడిపించగలడు. ఫియట్ పక్షంవారు చిరునవ్వు నవ్వి, దున్నపోతుకు కూడ ఈ గుణాలన్నీ ఉన్నవి గదా అంటారు. తమ బండి తక్కువ పెట్రోలు తాగుతుంది, చెప్పినట్లు వింటుంది, ఇరుకు సందులో సులువుగా తిరుగుతుంది. అంబాసిడర్‌కు డీజిలు యంత్రం వచ్చిన తరువాత మరొక శాఖ పుట్టింది. ఇరుగుపొరుగులకు రొదగా వినబడిన చప్పుడు యజమాని చెవికి బలానికి నిదర్శనమయింది. ఈ మాటలలో నిజం లేకపోలేదు. అయితే వాదం ఎప్పుడూ బండి దగ్గర ఆగదు. అంబాసిడర్ కలవాడు నిలకడ కలవాడనీ, ఫియట్ కలవాడు అభిరుచి కలవాడనీ తీర్పు వెలువడిన తరువాతనే ఎవరైనా ఇంటికి లేస్తారు.

ఇంతకూ ఈ ఎన్నిక మనం చేసుకొన్నదేనా? బిర్లాల హిందూస్థాన్ మోటార్స్ 1942లో గుజరాతు తీరాన ఓఖా రేవులో పుట్టి, 1948లో హుగ్లీ పడమటి ఒడ్డున ఉన్న ఉత్తర్‌పాడాకు వచ్చింది. 1957లో అక్కడ రూపుదిద్దుకొన్న అంబాసిడర్ ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డ్ అచ్చులో పోసినది. బొంబాయి కుర్లాలో వాల్‌చంద్ హీరాచంద్ స్థాపించిన సంస్థ తయారుచేసిన బండి ఇటలీలోని ఫియట్ నమూనా. పద్మిని అన్న పేరు దానికి 1970లలో గాని రాలేదు. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ కూడ ఇంగ్లండు నుంచి వచ్చినదే. మూడు రేవు పట్టణాలు, మూడు పరదేశపు అచ్చులు. ప్రభుత్వ లైసెన్సుల కట్టుబాటులో కొనేవాడు సొమ్ము కట్టి ఏండ్ల తరబడి వేచి ఉండవలసి వచ్చేది. అంతకాలం దేనికోసం కాచుకొన్నామో దానిని సామాన్యమైనదని ఒప్పుకోవడం ఎవరికీ సాధ్యం కాదు. ఒప్పుకొంటే ఆ ఏండ్లన్నీ వృథా అయిపోతవి. మన విధేయతలో సగం ఇట్లా గడిచిన కాలానికి మనం చెప్పుకొనే సమాధానం.

మిలిందుడనే రాజును నాగసేన భిక్షువు రథం ఎక్కడున్నదని అడిగిన కథ బౌద్ధ వాఙ్మయంలో ఉన్నది. ఇరుసు రథమా, చక్రం రథమా, కాడి రథమా? ఏదీ కాదు. అన్నీ కలిసిన చోట వాడుకకోసం పెట్టుకొన్న పేరు రథం. భిక్షువు ఈనాడు కలకత్తా మల్లిక్ బజారుకు వస్తే తన ప్రశ్నను మరల అడగనక్కరలేదు. అక్కడ పాత కార్లు తలుపులుగా, కమ్ములుగా, దీపాలుగా విడిపోయి దుకాణాల ముందు వేలాడుతూ ఉంటవి. ఒకదాని తలుపు మరొకదానికి చేరుతుంది. 1990లలో అంబాసిడర్‌లోనికే జపాను దేశపు ఇసుజు యంత్రం వచ్చింది. అయినా యజమాని నా బండి మారలేదంటాడు. మారనిది పేరు ఒక్కటే, దానిని అంటిపెట్టుకొన్న నేను అన్న భావం ఒక్కటే.

అయితే వస్తువుమీద మమకారం తప్పేనా? అట్లా అనలేను. సెప్టెంబరులో విశ్వకర్మ పూజనాడు ఈ నగరపు టాక్సీలు పూలదండలు వేసుకొంటవి. డ్రైవరు బండిని కడిగి, బొట్టు పెట్టి, చేతులు జోడిస్తాడు. తరచు ఆ బండి అతనిది కాదు, అద్దెకు తీసుకొన్నది. బీహారు పల్లెలోని ఇంటికి అది అన్నం పెడుతున్నదన్న ఎరుక తప్ప అతనికి ఆ బండితో వేరే బంధుత్వం లేదు. ఫియట్ కన్న ఇది గొప్పదా అని అడిగితే, ఏ బండి యంత్రం ఎక్కడ మొరాయిస్తుందో రెండింటి సంగతీ నిష్పక్షపాతంగా చెబుతాడు. కృతజ్ఞతకు పోలిక అక్కరలేదు, గర్వం పోలిక లేనిదే బ్రతకలేదు. ఒకటి వస్తువు వెనుకనున్న చేతులను చూస్తుంది, రెండవది వస్తువులో తన ముఖాన్ని చూసుకొంటుంది.

మన ప్రేమ ఏ జాతిదో తేల్చే పరీక్ష ఒకటి 2014 మే నెలలో వచ్చింది. ఉత్తర్‌పాడా కర్మాగారంలో పని నిలిపివేశారు. రెండువేలకు పైగా కార్మికులు గేటు బయట మిగిలారు. ఆనాడు మేము అరుగులమీద కూర్చుని దేనికోసం దుఃఖించాము? గుండ్రని కప్పుకోసం, వెనుక సీటు వెడల్పుకోసం, మా బాల్యంకోసం. ఆ కప్పును వంచిన చేతుల ప్రస్తావన కొద్దిమంది నోటనే వచ్చింది. నేను కూడ ఆ కొద్దిమందిలో లేను. 2017లో అంబాసిడర్ అన్న పేరు ఎనభై కోట్ల రూపాయలకు ఫ్రాన్సు దేశపు ప్యూజో సంస్థకు అమ్ముడుపోయింది. కర్మాగారం లేకుండా, కార్మికుడు లేకుండా, ఒక్క బోల్టు కూడ లేకుండా వట్టి పేరుకు అంత వెల పలికింది. ఆ వెలను సృష్టించినది మన అరుగులమీది వాదాలు కూడ కాదా?

పదిహేనేండ్లు దాటిన వాణిజ్య వాహనాలు కలకత్తాలో తిరగరాదని 2008లో ఉన్నత న్యాయస్థానం ఆదేశించింది. కొత్త అంబాసిడర్లు తయారుకావడం లేదు కనుక పచ్చ టాక్సీలు ఏటేటా తరిగిపోతున్నవి. చివరిది వెళ్లిపోయిననాడు మరల వ్యాసాలు వస్తవి, కన్నీళ్లు వస్తవి. ఆనాటికైనా మనలో ఒకడు లేచి, దానిని నడిపినవాడు రేపు ఏమి తిని బ్రతుకుతాడని అడుగుతాడా? అట్లా అడిగినవాడికి బండి లేకపోయినా ఫరవాలేదు. నా బండి అనే అర్హత అతనికే ఉన్నది.