అడ్జస్ట్ అయ్యేదెవరు?

మనం రోజూ వాడే ఇంగ్లీషు మాటల్లో ‘అడ్జస్ట్’ చేసినంత చాకిరీ ఇంకోటి చేయదేమో. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర నాచారం వెళ్ళే షేర్ ఆటోలో ముగ్గురి సీటు మీదకి నాలుగో మనిషిని ఎక్కిస్తూ డ్రైవరు “జర అడ్జస్ట్ చేస్కోన్రి అన్నా” అంటాడు. నెలాఖరులో ఫ్రెండు ఫోన్ చేసి “ఒక ఐదువేలు అడ్జస్ట్ చేస్తవా” అనడుగుతాడు. ఆఫీసులో మేనేజరు “ఈ వారం రాత్రి కాల్స్‌కి కాస్త అడ్జస్ట్ అవ్వు” అంటాడు. పెళ్ళయిన ఏడాదికి చుట్టాలు “పిల్ల బాగా అడ్జస్ట్ అయిపోయింది” అని కోడల్ని మెచ్చుకుంటారు.

చోటు, అప్పు, నిద్ర, జీవితం. నాలుగింటికీ ఒకటే మాట. ఆటోలో నాలుగంగుళాలు జరగడమూ, ఒక మనిషి తన అలవాట్లూ ఇష్టాలూ వదులుకోవడమూ ఒకే సైజు కోరికల్లా వినబడతాయి. నా పేచీ అక్కడే. చిన్న కోరికకున్న మర్యాద పెద్ద కోరికకు కూడా ఉచితంగా దొరికిపోతోంది. ఆటోలో జరగనివాణ్ణి ఎలా చూస్తామో, రాత్రి కాల్స్ వద్దన్నవాణ్ణీ అలాగే చూస్తాం.

ఇంగ్లీషులో ఆ క్రియ ఒంటరిగా తిరుగుతుంది. తెలుగులోకి వచ్చాక దానికి తోడు కావాలి: ‘చేయడం’ లేదా ‘అవడం’. ఫ్యాను స్పీడు అడ్జస్ట్ చేస్తాం, అద్దెలో అడ్వాన్సు అడ్జస్ట్ చేస్తాం. మనుషులు మాత్రం అడ్జస్ట్ అవుతారు. మన వ్యాకరణం తెలియకుండానే ఒక నిజం చెబుతోంది: చేసేవాళ్ళు వేరు, అయ్యేవాళ్ళు వేరు. నాచారం పారిశ్రామికవాడలో ఏ వర్క్‌షాప్‌కి వెళ్ళినా అడ్జస్టబుల్ స్పానర్ కనబడుతుంది. బోల్టు ఎంతుంటే దాని నోరు అంత తెరుచుకుంటుంది. స్పానర్‌లో పట్టడం లేదని ఎవరూ బోల్టుని అరగదీయరు. మనుషుల దగ్గరికొచ్చేసరికి మాత్రం అరిగేది ఎక్కువగా బోల్టే.

ఈ మాట రాకముందు ఈ పనులకి మనకి వేరువేరు మాటలుండేవి, ఇప్పటికీ ఉన్నాయి. సర్దడమంటే వస్తువుల్ని పద్ధతిగా పెట్టడం, చేబదులుగా డబ్బివ్వడం కూడా. సర్దుకోవడంలో ఆ పని మన మీదికే మళ్ళుతుంది. సర్దుకుపోవడంలో చివర ఒక ‘పోవడం’ చేరుతుంది. ఏదో మన చేతుల్లోంచి నిజంగానే పోతుంది. ఒదగడంలో ఒక నేర్పు ఉంది. ఓర్చుకోవడంలో నొప్పి ఉందన్న ఒప్పుకోలు ఉంది. ఉర్దూ నుంచి వచ్చిన రాజీ మాటకి మూలంలో సమ్మతి అని అర్థం. ఒక్కడే కూచుని రాజీ పడలేడు, అవతల ఇంకొకరుండాలి. “ఓర్చుకో” అంటే నీకు నొప్పిగా ఉందని నాకు తెలుసు అన్నట్టు. “అడ్జస్ట్ అవ్వు” అన్నప్పుడు ఆ నొప్పి లెక్కలోంచి జారిపోతుంది.

అసలు ఈ మాట పుట్టుక కూడా తమాషాగా ఉంటుంది. చూడ్డానికి ‘జస్టిస్’కి చుట్టంలా కనిపిస్తుంది గానీ, మూలం వేరు. లాటిన్‌లో ‘జుక్స్‌టా’ అంటే దగ్గర. దాన్నుంచి ఫ్రెంచిలో దగ్గరకు చేర్చడం, కలపడం అన్న క్రియ వచ్చింది. తర్వాతెప్పుడో జనం దాన్ని న్యాయం అనే అర్థమున్న ‘జస్టస్’తో ముడిపెట్టేశారు. అంటే అడ్జస్ట్ పుట్టింది దగ్గరకు జరగడంలో, న్యాయం దానికి తర్వాత అంటుకున్న పోలిక. మన సందిగ్ధమూ ఇదే. జరగమన్న ప్రతిసారీ న్యాయం అడుగుతున్నట్టే వినిపిస్తుంది.

అయినా అడ్జస్ట్ అవడంలో తప్పేముంది, వాళ్ళు సంతోషంగానే ఉన్నారుగా అనొచ్చు. దీనికి అమర్త్య సేన్ చూపించిన ఒక లెక్క ఉంది. బెంగాల్ కరువు తర్వాత 1944లో కలకత్తా దగ్గరి సింగూరులో ఒక ఆరోగ్య సర్వే జరిగింది. భార్య పోయిన మగవాళ్ళలో 48.5 శాతం మంది ఒంట్లో బాగాలేదనో, అంతంతమాత్రంగా ఉందనో చెప్పారు. భర్త పోయిన ఆడవాళ్ళలో అలా చెప్పినవాళ్ళు 2.5 శాతం. ఆ కాలంలో వితంతువుల బతుకు మగవాళ్ళకన్నా మెరుగ్గా ఉందని ఎవరూ అనుకోరు. తమ ఆరోగ్యం గురించి అడగొచ్చనే ఊహే వాళ్ళు వదిలేసుకున్నారు. ఫిర్యాదు లేదంటే బాధ లేదని కాదు. పూర్తిగా అడ్జస్ట్ అయిన మనిషి సాక్ష్యాన్ని ఆ అడ్జస్ట్‌మెంట్‌కి సమర్థనగా వాడుకోలేం.

ఇంకో వాదన పాతది. లోకాన్ని మార్చడం కన్నా నా కోరికల్ని మార్చుకోవడం మేలని డెకార్ట్ 1637లో తనకో నియమం పెట్టుకున్నాడు. మంచి నియమమే. కానీ అది ఆయన తనకు తాను పెట్టుకున్నది. తనకు చెప్పుకుంటే వివేకం అయ్యే మాట, పక్కవాడికి చెబితే ఆజ్ఞ కావచ్చు.

మరి మనుషులు కాకుండా ఏర్పాట్లు అడ్జస్ట్ అయితే ఎలా ఉంటుందో చూడాలంటే మళ్ళీ ఉప్పల్ కూడలికే రావచ్చు. వరంగల్, ఎల్బీనగర్, రామంతాపూర్, హబ్సిగూడ దార్లు కలిసే ఆ చోట నడిచేవాళ్ళు ఏళ్ళ తరబడి వాహనాల మధ్య సందు చూసుకుని పరిగెత్తారు. రోడ్డు మారలేదు, వాళ్ళే మారారు. 2023 జూన్‌లో అక్కడ స్కైవాక్ తెరిచారు, లిఫ్టులూ ఎస్కలేటర్లతో సహా. అదే కూడలి నుంచి 2018లో మొదలైన నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పని మాత్రం ఏళ్ళకేళ్ళు సాగింది, ఆ దారిన పోయేవాళ్ళు దుమ్ముకీ గుంతలకీ అలవాటుపడ్డారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం అయితే ఈ విషయాన్ని సూటిగానే చెప్పింది: మోయలేని భారం కానంతవరకూ, అవసరమైన మార్పులూ సర్దుబాట్లూ చేయాల్సిన బాధ్యత ఏర్పాట్లది. మెట్లున్నాయి కాబట్టి నువ్వే ఎలాగో ఎక్కు అనడం కుదరదు.

అడ్జస్ట్ కాకుండా ఈ ఊళ్ళో ఒక్క పూట కూడా గడవదు, నిజమే. ఆటోలో నేను ఇవాళ జరుగుతాను, రేపు నాకోసం ఇంకెవరో జరుగుతారు. ఆ వంతు తిరిగి వస్తుందన్న నమ్మకమే దాన్ని సంస్కారం చేస్తోంది. వంతు ఎప్పుడూ ఒకరిదే అయితే, ఇంటికొచ్చిన కోడలిదో, టీములో కాదనలేని కొత్త కుర్రాడిదో అయితే, దాన్ని అడ్జస్ట్‌మెంట్ అనకూడదు. తెలుగులో దానికి ‘అణగడం’ అనే మాట ఉంది.

మేముండేది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు. ఇప్పుడు నాచారంలోనే కింది పోర్షను ఇల్లు వెతుకుతున్నాం, అద్దె కొంచెం ఎక్కువే. “ఎందుకురా, నేను అడ్జస్ట్ అయితనే ఉన్న గదా” అంటుంది అమ్మ. ఈసారి ఇల్లే అడ్జస్ట్ అవుతుందిలే అని చెప్పాను.