సింప్సన్స్ అభిమానం, అపూ పంచాయితీ

అమెరికా టెలివిజన్‌లో రాత్రిపూట ప్రైమ్‌టైమ్‌లో అన్నిటికంటే ఎక్కువకాలంగా నడుస్తున్న కథా కార్యక్రమం ‘ద సింప్సన్స్’ అనే కార్టూన్ హాస్యం. మ్యాట్ గ్రోనింగ్ సృష్టించిన ఈ పసుపుపచ్చ కుటుంబం 1987 ఏప్రిల్‌లో ట్రేసీ ఉల్మన్ షో మధ్యలో వచ్చే చిట్టి బొమ్మల తునకలతో మొదలైంది. 1989 డిసెంబర్ 17న ఫాక్స్ చానెల్‌లో అరగంట కార్యక్రమంగా వేరుకాపురం పెట్టింది. 2018 ఏప్రిల్ 29న 636వ ఎపిసోడ్‌తో ‘గన్‌స్మోక్’ అనే పాత కౌబాయ్ సీరియల్ రికార్డును దాటింది. తరవాత 750 కూడా దాటి ఇంకా నడుస్తోంది. వెయ్యి ఎపిసోడ్‌ల డైలీ సీరియళ్లకు అలవాటుపడిన తెలుగువాళ్లకు ఇదేమంత లెక్క అనిపించవచ్చు. కానీ ఇవి చాలా ఏళ్లపాటు ఏడాదికి ఇరవై చిల్లర మాత్రమే వచ్చేవి. కథ రాయడం, గొంతులు రికార్డు చేయడం లాస్ ఏంజెలిస్‌లో జరిగితే, బొమ్మల పని చాలావరకు దక్షిణ కొరియాలో జరుగుతుంది. ఒక్కో ఎపిసోడ్‌కీ నెలలు పడుతుంది.

ఈ ఇంట్లో ఎవరికీ వయసు రాదు. కొడుకు బార్ట్‌కి ఎప్పుడూ పదేళ్లే, కూతురు లీసాకి ఎనిమిదే, పసిపిల్ల మ్యాగీ నోట్లోంచి పాలపీక తీయదు. వయసు మీదపడేది చూసేవాళ్లకే. 1989లో బార్ట్ ఈడువాడు ఇప్పుడు వాళ్ల నాన్న హోమర్ వయసు దాటేశాడు. చిన్నప్పుడు బార్ట్ అల్లరికి పగలబడి నవ్వినవాడు, కాలేజీకి వచ్చేసరికి తెలివైన లీసా ఎందుకంత ఒంటరిగా ఉంటుందో గ్రహిస్తాడు. ఉద్యోగంలో పడ్డాక, అణువిద్యుత్ కేంద్రంలో కుర్చీలోనే కునికే హోమర్ మీద జాలి మొదలవుతుంది. జీవితకాలపు అభిమానం అంటే ఇదే. తెలుగిళ్లలో ‘మాయాబజార్’ మాటల్లాగే ఈ మాటలూ అభిమానుల సంభాషణల్లో సందర్భం చెప్పకుండా దొర్లిపోతుంటాయి. హోమర్ నాలుక్కరుచుకుని అనే ‘డో!’ 2001లో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుకే ఎక్కింది. టైటిల్స్ పడేటప్పుడు బార్ట్ నల్లబల్ల మీద రాసే ఇంపొజిషన్ ఏమిటా అని కళ్లు చికిలించి చదవడం కూడా ఆ అభిమానంలో భాగమే.

సణగడమూ భాగమే. మొదటి పదేళ్లలో ఉన్న పస తరవాత లేదన్నది వీరాభిమానులు ఏళ్ల తరబడి చేస్తున్న ఫిర్యాదు. 1997లో ఒక ఎపిసోడ్ ఈ తగువునే కథగా చేసుకుంది. కామిక్ పుస్తకాల కొట్టు యజమాని ఒకడు, ఇంతకంటే చెత్త ఎపిసోడ్ లేదని తీర్పు చెబుతాడు. ఇన్నేళ్లు నిన్ను ఉచితంగా నవ్వించారు, వాళ్లు నీకేం బాకీ ఉన్నారని బార్ట్ నిలదీస్తాడు. ప్రశ్న బాగానే ఉంది. కానీ ఊరికే చూసిపోయేవాడికి ఫిర్యాదు ఉండదు. ప్రేమించినవాడే లెక్క అడుగుతాడు.

మొదట్లో ఈ కార్యక్రమం మీద వచ్చిన ఆక్షేపణ విలువల గురించే. మార్కులు రాకపోయినా గర్వపడే బార్ట్ బొమ్మ ఉన్న టీషర్టులను 1990లో కొన్ని బడులు నిషేధించాయి. 1992 జనవరిలో అధ్యక్షుడు జార్జ్ బుష్, అమెరికన్ కుటుంబాలు సింప్సన్స్‌లా కాక వాల్టన్స్‌లా ఉండాలన్నారు. ‘ద వాల్టన్స్’ 1930ల ఆర్థికమాంద్యం కాలపు కుటుంబం కథ. కొద్ది రోజుల్లోనే బార్ట్ నోట జవాబు వచ్చింది: మేమూ వాల్టన్స్‌లాంటివాళ్లమే, మాంద్యం పోవాలని దేవుడికి మొక్కుతున్నాం. నిజానికి చెడిపోయిందన్న ఆ కుటుంబం ఆదివారం చర్చికి వెళుతుంది, ఒకే బల్ల దగ్గర కూర్చుని భోంచేస్తుంది, ఎంత గొడవపడినా విడిపోదు. పిల్లల్ని ఆ కార్టూన్ చూడనివ్వని ఇళ్లలో ఈ మూడూ జరుగుతాయన్న భరోసా లేదు.

భారతీయుల గొడవ వేరు. సింప్సన్స్ ఉండే స్ప్రింగ్‌ఫీల్డ్ ఊళ్లో క్విక్-ఇ-మార్ట్ అనే కొట్టు నడిపే భారతీయుడు అపూ 1990 ఫిబ్రవరి 25న తెరమీదికి వచ్చాడు. సత్యజిత్ రే చిత్రత్రయంలోని అపూ పేరే అతనిది. ఇంటిపేరు మాత్రం నోరు తిరక్కుండా ఉండేలా కల్పించింది. గొంతు ఇచ్చిన హాంక్ అజారియా భారతీయుడు కాదు. లాస్ ఏంజెలిస్ కొట్లలో విన్న యాసకు, 1968 నాటి ‘ద పార్టీ’ సినిమాలో పీటర్ సెల్లర్స్ వేసిన భారతీయ వేషపు ఒరవడి కలిపాడు. ఆ గొంతుకే 1998లో ఎమ్మీ పురస్కారం అందుకున్నాడు.

రాతలో అపూ చులకన పాత్ర కాదు. 1995 అక్టోబర్‌లో వచ్చిన ‘లీసా ద వెజిటేరియన్’ ఎపిసోడ్ ఇందుకు సాక్ష్యం. మాంసం మానేసిన లీసాను ఇంట్లో, బళ్లో అందరూ ఆటపట్టిస్తారు. విసిగిపోయి అపూ కొట్లో హాట్‌డాగ్ అందుకుని కొరికేస్తుంది. అందులో ఉన్నది మాంసం కాదు, టోఫూ అనే సోయా పనీర్ అని అపూ చల్లగా చెబుతాడు. తాను సరుకు మార్చినా ఎవరూ గమనించలేదట. తరవాత రహస్యపు మెట్లదారిలో డాబా మీది తోటకు తీసుకువెళతాడు. అక్కడ బీటిల్స్ గాయకుడు పాల్ మెకార్ట్‌నీ, అతని భార్య లిండా ఉంటారు. జున్ను తింటానని లీసా ఒప్పుకుంటుంది. తాను పాలూ గుడ్లూ కూడా ముట్టనని అపూ అంటాడు. అయితే నేను నీ కంటికి రాక్షసిలా కనిపిస్తానేమో అంటుంది లీసా. కనిపిస్తావు, కానీ ఎదుటివాణ్ణి సాధించకుండా సహించడం చాలా కాలం కిందటే నేర్చుకున్నానని అతని జవాబు. పప్పన్నంవాళ్లూ కోడికూరవాళ్లూ ఒకే పంక్తిలో కూర్చునే తెలుగు సంఘాల విందుల్లో ఈ మాట చాలామందికి పనికొస్తుంది. లీసా ఇక ఎప్పటికీ శాకాహారిగానే ఉండాలన్న షరతు మీదే పాల్ మెకార్ట్‌నీ గొంతు ఇచ్చాడు. ఆ షరతు నేటికీ చెల్లుతోంది.

1996 మేలో వచ్చిన మరో ఎపిసోడ్ వీసా కష్టాలు పడ్డవాళ్లకు మరీ దగ్గరిది. ఊళ్లోకి ఒక ఎలుగుబంటి వస్తుంది. దాన్ని ఆపడానికి గస్తీ, గస్తీకి పన్ను, పన్ను మీద జనం గోల. మేయర్ తప్పంతా వలసదారుల మీదికి నెట్టి, వాళ్లను పంపేయాలని ఓటింగ్ పెడతాడు. అక్రమ వలసదారులకు ప్రభుత్వ సేవలు అందకుండా చేయాలని కాలిఫోర్నియాలో 1994లో ప్రజల ఓటుతో నెగ్గిన 187వ ప్రతిపాదన మీద విసురు అది. అపూ చదువుకని వచ్చి కంప్యూటర్ సైన్స్‌లో డాక్టరేట్ చేసినవాడు. అప్పు తీర్చడానికి కొట్లో చేరి అక్కడే ఉండిపోయాడు, వీసా గడువు దాటిపోయింది. దొంగ కాగితాలు కొని, కౌబాయ్ టోపీ పెట్టి, అమెరికన్ యాస నటించి, కొట్లోని వినాయకుణ్ణి పక్కన పెట్టేస్తాడు. కాసేపటికి సిగ్గుతో కుమిలిపోతాడు. చివరికి చదివి పౌరసత్వ పరీక్షకు కూర్చుంటాడు. అమెరికా అంతర్యుద్ధానికి కారణం అడిగితే విడమర్చి చెప్పబోతాడు. బానిసత్వం అంటే చాలని పరీక్షకుడు ఆపేస్తాడు. పౌరుడయ్యాక జ్యూరీ డ్యూటీకి రమ్మని నోటీసు వస్తే చెత్తబుట్టలో పడేస్తాడు. పక్కా అమెరికన్ అయ్యాడన్నమాట. ఇంత చురుకైన వలస కథ ఆ రోజుల్లో అమెరికా టీవీలో అరుదు.

చిక్కు ఎక్కడంటే, ఆ రోజుల్లో అక్కడి తెరమీద భారతీయుడంటే దాదాపుగా అపూ ఒక్కడే. బడిలో తోటిపిల్లలకు టోఫూ తోటా పౌరసత్వ పరీక్షా గుర్తుండవు, ఆ యాసా దుకాణం పలకరింపూ గుర్తుంటాయి. హరి కొండబోలు ఆ వెక్కిరింతల తరం పిల్లవాడు. 1982లో న్యూయార్క్ క్వీన్స్‌లో తెలుగు తల్లిదండ్రులకు పుట్టాడు, హాస్యనటుడయ్యాడు. సింప్సన్స్‌తోపాటే పెరిగిన అభిమాని. 2017 నవంబర్‌లో ట్రూటీవీలో వచ్చిన అతని డాక్యుమెంటరీ ‘ద ప్రాబ్లమ్ విత్ అపూ’లో కాల్ పెన్, అజీజ్ అన్సారీ, హసన్ మిన్హాజ్ తదితర భారతీయ మూలాలున్న నటులు తమ బడి రోజులు చెప్పుకున్నారు. తెల్లవాళ్లు మొహానికి మసి పూసుకుని నల్లవాళ్ల వేషం కట్టిన పాత నాటకాల సంగతి నల్లజాతి నటి హూపీ గోల్డ్‌బర్గ్ ముందు పెట్టి, యాస వేషం కూడా అలాంటిదేనా అని హరి పరిశీలించాడు. అపూని తీసేయమని అతను అడగలేదు. అడిగాడని ప్రచారమైంది, బెదిరింపులు వచ్చాయి.

ఈ వివాదం మీద తెలుగు పెద్దల్లో ఒక మాట వినబడుతుంది: కొట్లు, మోటళ్లు నడిపేది వేరేవాళ్లు, మనవాళ్లు డాక్టర్లు, ఇంజనీర్లు, మనకెందుకీ గొడవ అని. ఈ మాటలో తేలిగ్గా పోని చిన్నచూపు ఉంది. కొట్టు నడపడం అవమానం కాదు. చదువుకని వచ్చి గ్యాస్ స్టేషన్లో రాత్రి షిఫ్టులు చేసినవాళ్లు మనలోనూ తక్కువేం లేరు. హరి అభ్యంతరం అపూ వృత్తి మీద కాదు, తన నాన్న తరం మాటతీరును బయటివాడొకడు నవ్వులాట సరుకు చేయడం మీద.

సింప్సన్స్ జవాబు 2018 ఏప్రిల్ 8న వచ్చింది. లీసా తల్లి మార్జ్ తనకు చిన్నప్పుడు ఇష్టమైన పుస్తకం మళ్లీ తెరిచి, అందులో జాతివివక్ష చూసి, దిద్దబోతే కథలో పస పోతుంది. అప్పుడు లీసా కెమెరా వైపు తిరిగి, ఒకప్పుడు మెప్పు పొందినది ఇప్పుడు తప్పయితే ఏం చేయగలమన్నట్టు మాట్లాడి, పక్కనున్న అపూ ఫొటో చూస్తుంది. పాత అభిమానులకు ఇది మింగుడుపడలేదు. ఎవరు ఎగతాళికి గురైనా వాళ్ల పక్షాన నిలబడేది లీసానే, ఆ మాట ఆ పిల్ల చేతే అనిపించారు. రచయితలకు తమ పాత్ర కంటే తమ అహమే ముఖ్యమైన సందర్భం అది. జనం నొచ్చుకున్నట్టు నటించడానికి ఇష్టపడతారని గ్రోనింగ్ కూడా ఆ నెలలోనే ఒక పత్రికతో అన్నాడు.

మారింది గొంతు ఇచ్చినవాడు. అజారియా ఆ నెలలోనే తప్పుకోవడానికి సిద్ధమన్నాడు, 2020 జనవరిలో ఇక అపూకి గొంతు ఇవ్వనని ప్రకటించాడు. అదే ఏడాది జూన్‌లో, తెల్లజాతివారు కాని పాత్రలకు తెల్లవాళ్ల గొంతు వాడబోమని నిర్మాతలు చెప్పారు. 2021లో అజారియా బహిరంగంగా క్షమాపణ చెప్పుకున్నాడు. సింప్సన్స్ ఎప్పుడూ చూడని ఒక భారతీయ కుర్రాడికి కూడా అపూ పేరు తిట్టుగా తెలుసని అప్పుడే చెప్పాడు. 2023లో హరి, అజారియా అమెరికా పబ్లిక్ రేడియోలో ఎదురెదురుగా కూర్చుని ఈ సంగతంతా మాట్లాడుకున్నారు. పంచాయితీ అయిదేళ్లకు పైగా పట్టినా, ముఖాముఖీ మాట్లాడుకోవడం దాకా రావడం మామూలు విషయం కాదు.

అపూ ఇప్పుడు గుంపులో ఒకడిగా కనిపిస్తాడు, మాట్లాడడు. భారతీయ నటుడెవరికైనా ఆ గొంతు అప్పగించి మంచి కథ రాసే వీలు ఉన్నా ఎవరూ పూనుకోలేదు. పాత ఎపిసోడ్‌లు మాత్రం 2019 నవంబర్ నుంచి డిస్నీ ప్లస్‌లో ఉన్నాయి. మైకేల్ జాక్సన్ గొంతున్న ఒక ఎపిసోడ్‌ను వేరే కారణంగా పక్కన పెట్టారు, అపూ ఉన్నవి దేన్నీ తీయలేదు. కాబట్టి అమెరికాలో పెరుగుతున్న తెలుగు పిల్లలు పాత గొంతూ టోఫూ తోటా రెండూ చూస్తారు. పక్కన కూర్చుని చూసే అమ్మానాన్నలు ఈసారి చాలా ఇళ్లలో తాము కూడా సింప్సన్స్ చూస్తూ పెరిగినవాళ్లే.