పొరుగువారి స్వేచ్ఛ, మన బాధ్యత



మంత్రాలయం వద్ద తుంగభద్ర ఒడ్డున నిలబడి అవతలి గట్టు చూశారా? అది రాయచూరు జిల్లా. ఈనాడు అది కర్ణాటక, ఇది ఆంధ్రప్రదేశ్, అంతే తేడా. కాని 1800 మొదలు 1948 వరకు, మధ్యలో కొద్ది సంవత్సరాలు తప్ప, ఈ ఏరే రెండు ప్రభుత్వాలకు సరిహద్దు. ఇవతల మద్రాసు, అవతల నైజాము. ఆ గీత ఎలా పడిందో చెప్పేముందు, దాన్ని ఇప్పుడెందుకు గుర్తుచేస్తున్నానో చెప్పాలి.

ఒక ఆదివారం పూజ ముగిశాక మా విచారణ యువకుడొకడు నన్ను ఆపి అడిగాడు. "బర్మాలో జనం ఓటువేసి గెలిపించినవాళ్లను 2021లో సైన్యం జైల్లో వేసింది గదా సార్, ప్రపంచంలోకెల్లా పెద్ద ప్రజాస్వామ్యం అని చెప్పుకునే మనం ఏం చేసినాం? అమెరికావాళ్లు ఇరాక్‌లోకి పోయినట్టు పోవడం తప్పా, మనలాగా ఊరకుండడం తప్పా?" వెంటనే జవాబు చెప్పలేకపోయాను. తరువాత ఆలోచిస్తే, జవాబులో సగం మన ఆదోని చరిత్రలోనే ఉందనిపించింది.

1786లో టిప్పు సుల్తాను ఆదోని కోటను ముట్టడించి పట్టుకున్నాడు. అప్పుడది నైజాము కుటుంబం చేతిలో ఉండేది. 1795లో ఖర్దా వద్ద మరాఠాలు నైజామును ఓడించారు. రెండు వైపులా శత్రువులే. భయపడిన నైజాము ఇంగ్లీషు కుంఫిణీతో స్నేహం కట్టాడు. కుంఫిణీ సిపాయిలు ఆయన రాజ్యంలోనే ఉండి ఆయన్ను కాపాడతారు, ఖర్చు మాత్రం ఆయనే భరించాలి. 1800 అక్టోబరులో ఆ ఖర్చు కింద ఆయన డబ్బుకు బదులు నేలే రాసిచ్చాడు. టిప్పు రాజ్యంలో తన వాటాకు వచ్చిన బళ్లారి, కడప సీమలు, వాటితోపాటు ఆదోని. అందుకే మనల్ని దత్తమండలాలు అన్నారు. రాయలసీమ అన్న పేరు 1928లో గాని రాలేదు. దత్తమంటే ఇచ్చేసినది. ఇచ్చిన నైజాము గాని, పుచ్చుకున్న కుంఫిణీ గాని ఆదోని రైతును ఒక్క మాట అడిగింది లేదు.

ఈ దత్తమండలాలకు మొదటి ప్రధాన కలెక్టరు థామస్ మన్రో. ఆయన పేరు మన పల్లెలకు కొత్తకాదు. మంత్రాలయం మఠం మాన్యాల తగవులో రాఘవేంద్రస్వామి ఆయనకు కనిపించి మాట్లాడారని మన హిందూ సోదరులు ఇప్పటికీ చెప్పుకుంటారు. మద్రాసు గవర్నరుగా ఉండగానే, 1827 జూలైలో, పత్తికొండలో కలరా సోకి చనిపోయాడు. ఈ మన్రో 1817లో గవర్నర్ జనరలుకు ఒక ఉత్తరం రాశాడు. అందులో కుంఫిణీవారి ఇటువంటి స్నేహాలనే తప్పుపట్టాడు. ఆయన వాదన సారం ఇది: ఎంత చెడ్డ రాజుకైనా ఒక భయం ఉంటుంది, జనం తిరగబడతారేమోనని. పరాయి సైన్యం వచ్చి గద్దెకు కాపలా కాస్తే ఆ ఒక్క భయమూ పోతుంది. తన రక్షణ పరాయివాళ్లు చూసుకుంటారు గనుక రాజు సోమరి అవుతాడు. జనం ద్వేషం తననేమీ చేయలేదు గనుక ఆశపోతూ, క్రూరుడూ అవుతాడు. మన్రో ఋషి అని నేననడం లేదు. ఇక్కడి పాళెగాళ్లను అణచినవాడు ఆయనే, జీవితమంతా కుంఫిణీ ఉప్పు తిన్నవాడు. అందుకే ఆయన నోట వచ్చిన ఈ మాటకు విలువ. నైజాము కథ ఆ తరువాత ఎలా నడిచిందో కూడా చూడండి. ఇంగ్లీషు అధికారుల కింద నడిచే మరొక సైన్యం ఖర్చులు బాకీ పడ్డాయని 1853లో బీరారునూ, మన ఎదుటి గట్టు రాయచూరునూ కుంఫిణీ తీసుకుంది. రాయచూరు 1860లో తిరిగి వచ్చింది. బీరారు నైజాము పాలన కిందికి మళ్లీ రాలేదు.

మన్రో చెప్పినది పాతకాలపు సంగతి అనుకోకండి. కతోలిక దేశమైన ఫిలిప్పీన్స్‌లో మార్కోస్ 1972లో సైనిక శాసనం పెట్టి ప్రతిపక్షాన్ని జైళ్లలో కుక్కాడు. అక్కడ అమెరికాకు పెద్ద సైనిక స్థావరాలుండేవి, వాటి కోసం ఆ స్వేచ్ఛాప్రియ దేశం ఏళ్ల తరబడి మార్కోస్‌ను మోసింది. 1986 ఫిబ్రవరిలో కార్డినల్ సిన్ గారు రేడియో వెరితాస్‌లో పిలుపునిస్తే లక్షలాది జనం జపమాలలు పట్టుకుని మనీలా వీధుల్లో ట్యాంకులకు అడ్డం కూర్చున్నారు. చివరకు అమెరికా ఇక చాలు, దిగిపొమ్మని మార్కోస్‌కు చెప్పింది. ఆ దేశానికి స్వేచ్ఛ తెచ్చింది అక్కడి జనమే. అమెరికా చేసిన మేలు ఒక్కటే, అడ్డుపెట్టిన చేయి తీసేయడం.

అయితే సైన్యంతో ఎన్నడూ స్వేచ్ఛ రాదని తీర్పు చెప్పడానికి మన ఏరే ఒప్పుకోదు. 1948 సెప్టెంబరులో భారత సైన్యం హైదరాబాదు రాజ్యంలోకి వెళ్లింది. అది మన దేశపు లోపలి వ్యవహారమని ఢిల్లీ అన్నది. నైజాము ప్రభుత్వమేమో అప్పటికే ఐక్యరాజ్య సమితికి ఫిర్యాదు చేసి ఉంది. అయిదు రోజుల్లో నైజాము లొంగిపోయాడు. రజాకార్ల భయం తీరిందని జనం ఊపిరి పీల్చుకున్న మాట నిజం. ఆ వెంటనే వేలాది ముస్లిములు హత్యకు గురైన మాట కూడా అంతే నిజం. ప్రభుత్వమే పంపిన సుందర్‌లాల్ సంఘం ఆ సంఖ్యను 27 వేల నుండి 40 వేల దాకా అంచనా వేసింది. ఆ నివేదికను ఎన్నో ఏళ్లు బయటపెట్టలేదు. సైన్యం పోయిన చోట ఇటువంటి లెక్క ఒకటి మిగులుతుంది, గెలిచినవారు దాన్ని చదవడానికి ఇష్టపడరు.

అయినా ఆ చర్యకు నేను పూర్తిగా ఎదురు చెప్పలేకపోతున్నాను. కారణం 1952 ఎన్నికలు. ఆ సైన్యంతోనే పోరాడిన కమ్యూనిస్టుల నాయకుడు రావి నారాయణరెడ్డి నల్లగొండ నుండి నిలబడి, నెహ్రూగారికంటే ఎక్కువ ఓట్లతో పార్లమెంటుకు వెళ్లాడు. వచ్చిన ప్రభుత్వం తనను తిట్టేవారికి కూడా ఓటు పెట్టె ముందు చోటిచ్చింది. 1800లో ఆదోనికి దక్కనిదీ ఇదే. బయటివాడు చేసింది మేలా కీడా తేల్చడానికి ఇంతకంటే మంచి గుర్తు నాకు తెలియదు: వాడు వచ్చాక అక్కడి సామాన్యుడు "వద్దు" అని చెప్పగలుగుతున్నాడా?

2003లో ఇరాక్ యుద్ధం ఆపమని పోపు రెండవ జాన్ పాల్ గారు కార్డినల్ పియో లాగీ గారిని అమెరికా అధ్యక్షుడి వద్దకు పంపారు. అధ్యక్షుడు వినలేదు. ఆ తరువాతి సంవత్సరాల్లో ఆ దేశంలోని క్రైస్తవుల్లో చాలామంది ఇళ్లు వదిలి వలసపోయారు. 1963లో పోపు 23వ జాన్ గారు శాంతిని గూర్చి రాసిన విశ్వలేఖలో, ఏ దేశమూ మరొక దేశాన్ని అణచరాదని, దాని వ్యవహారాల్లో అన్యాయంగా తలదూర్చరాదని చెప్పారు. అంతటితో ఆగలేదు. ఆ దేశం తన కాళ్లపై తాను ఎదిగేందుకు తోడుపడాలని కూడా అన్నారు. మొదటి సగం పట్టుకుని రెండవ సగం మరచేవారు మనలో ఎక్కువ.

ఇప్పుడు బర్మా సంగతి. 1988లో అక్కడి విద్యార్థులు వీధుల్లోకి వచ్చినప్పుడు మన దేశం వారి పక్షాన మాట్లాడింది. ఆంగ్ సాన్ సూకీకి 1993 సంవత్సరపు నెహ్రూ పురస్కారం ఇచ్చింది. అదే దశాబ్దంలో, మన పి.వి. నరసింహారావుగారు ప్రధానిగా ఉన్నప్పుడే, జనరళ్లతో సర్దుబాటు మొదలైంది. ఈశాన్యంలో తీవ్రవాదులు సరిహద్దు దాటి దాక్కుంటున్నారు, చైనా అక్కడ పాతుకుపోతున్నది. ఇవి సాకులు కావు. సరిహద్దులో చనిపోయే జవానుకు కూడా తల్లి ఉంటుంది. జనరళ్లతో మాట్లాడక తప్పకపోవచ్చు. కాని 2021 మార్చి 27న, వారి సైన్యం వందమందికి పైగా జనాన్ని కాల్చి చంపిన రోజున, వారి కవాతు చూడడానికి మన ప్రతినిధి వెళ్లి కూర్చోవలసిన పనిలేదు. ఆ జూన్‌లో సమితి సభ వారిని ఖండించినప్పుడు ఓటు వేయకుండా ఉండిపోవలసిన పనీ లేదు. కాపలా కాసే సైన్యాన్ని మనం పంపలేదు, నిజమే. కాని పక్కన కూర్చునే పొరుగువాడు కూడా ఆ గద్దెకు కొంత ధైర్యమే.

ఆ ఫిబ్రవరిలోనే మిచినా పట్టణంలో సిస్టర్ ఆన్ రోజ్ ను తాంగ్ పోలీసుల ముందు మోకాళ్లూని, పిల్లలను కాల్చవద్దని వేడుకుంది. ఆ ఫోటో మీలో చాలామంది చూసే ఉంటారు. ఆమె అడిగింది తుపాకులను దించమని, పరాయి తుపాకులను పంపమని కాదు.

ఆ యువకుడికి ఇదంతా చెప్పాను. "అయితే మనలాంటోళ్లం ఏం చేయాల సార్?" అన్నాడు. మిజోరం సంగతి చెప్పాను. బర్మా నుండి పారిపోయి వచ్చేవారిని రానివ్వవద్దని 2021 మార్చిలో ఢిల్లీ ఆజ్ఞ పంపింది. వాళ్లు మా రక్తసంబంధీకులు, తరిమేయలేమని మిజోరం ముఖ్యమంత్రి ప్రధానికి ఉత్తరం రాశాడు. అక్కడి సంఘాలు, చర్చిలు వేలమందికి బియ్యం, బట్టలు పోగుచేశాయి. మనకు బర్మా మరీ దూరమూ కాదు. 1962లో అక్కడ సైన్యం గద్దెనెక్కాక ఆస్తులు పోగొట్టుకుని వచ్చినవారిలో తెలుగువారు ఎందరో ఉన్నారు. విశాఖపట్నంలో బర్మా క్యాంపు అన్న పేట వారి పేరు మీద వెలసినదే.