నల్లబడిన రక్తం

ఆ రోజు మా రూమ్మేట్ ల్యాబ్ నుంచి కూకట్‌పల్లి చేరేసరికి రాత్రి పదయ్యింది. అన్నం పెట్టుకుంటూ "ఇవాళ పది పురుగులు వేస్టయిపోయాయే" అంది. నేను పట్టించుకోలేదు. నా చేతిలో దోమల బ్యాట్ ఉంది. ఐడీఎల్ చెరువు దగ్గరుండేవాళ్లకి అది లేనిదే నిద్ర పట్టదు.

తను పట్టుపురుగుల రక్తకణాల మీద పనిచేస్తోంది. పురుగు రక్తం ఎర్రగా ఉండదు. ఆక్సిజన్ మోసే పని సన్నటి గాలిగొట్టాలది, రక్తానిది కాదు. అందులోని కణాలు, అంటే హీమోసైట్లు, కాపలా కాస్తాయి. బ్యాక్టీరియాను మింగేస్తాయి. మింగలేనంత పెద్దదైతే చుట్టూ పొరలుగా అతుక్కుని బంధిస్తాయి.

వాటిని తీయాలంటే ముందు పురుగును మంచు మీద పెడతారు. కదలడం ఆగాక పొట్ట కింది కాలొకటి కత్తిరిస్తారు. కారిన చుక్కల్ని గడ్డకట్టనివ్వని చల్లటి ద్రావణంలో పట్టి, కణాలు చితక్కుండా సెంట్రిఫ్యూజ్‌లో నెమ్మదిగా తిప్పుతారు. ద్రావణంలో ఫినైల్ థయోయూరియా కలపడం ఆ రోజు తను మర్చిపోయింది. ట్యూబుల్లో రక్తం నల్లబడిపోయింది.

గాయాన్ని మెలనిన్‌తో పూడ్చడం ఆ రక్తం పని. పురుగు పోయింది, రక్తం మాత్రం ట్యూబులో కూడా గాయం పూడుస్తూనే ఉంది.

"పాపం" అన్నాను.

"నీ పట్టుచీరకి ఎన్ని పోయాయో లెక్కపెట్టావా?" అంది. వేలల్లో. చిలుక బయటికెళ్లిపోయాక మిగిలిన గూటి నుంచి పట్టు తీసిన హైదరాబాదీ కుసుమ రాజయ్య గుర్తొచ్చారు. ఆ చీర మాత్రం నేను కొనలేదు.

1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం మనిషి కాని ఏ ప్రాణైనా జంతువే. ఆచరణలో ఎలుకకైతే ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి, పురుగు గురించి ఎవరూ అడగరు. ఎలుకల్ని తప్పించడానికే కొన్నిచోట్ల పురుగుల్ని వాడుతున్నారు కూడా. ఎలుక మీద మన దయకి ఖర్చు పురుగు పెట్టుకుంటోందన్నమాట.

ప్రయోగాలు ఆపమని అనలేను. పండ్ల ఈగ రోగనిరోధక శక్తి మీద చేసిన పనికి జూల్స్ హాఫ్‌మన్‌కి 2011లో నోబెల్ వచ్చింది. ఆ ఈగను కాపాడే టోల్ లాంటి గ్రాహకాలే మన కణాల్లోనూ ఉన్నాయి. పురుగుకు మనలా నొప్పి తెలుస్తుందా అన్నది ఇంకా తేలలేదు. అది తేలేదాకా లెక్క చెప్పక్కర్లేదా? అనుమతి అక్కర్లేదంటే జవాబుదారీ కూడా అక్కర్లేదని కాదు కదా. అవసరమైనన్నే తీసుకోవడం, తీసుకున్నదాన్ని పారేసుకోకపోవడం, పారేసుకుంటే ఒప్పుకోవడం. కనీసం ఇంత బాకీ ఉంటాం.

భోంచేశాక తను ల్యాబ్ నోట్‌బుక్ తెరిచింది. పది పురుగులు పోయాయని, తప్పు తనదేనని రాసింది. అలా రాయమని ఎవరూ అడగలేదు. నేను బ్యాట్ పక్కన పెట్టి దోమతెర కట్టాను.