చూపుల వేలము

ఉద్యోగము పురుషలక్షణమని పెద్దలనిరి. నేడది స్త్రీలక్షణము కూడనైనందులకు మేము సంతసించువారమే. కాని పిల్లలకు ఉద్యోగము దొరికినదా, జీతమెంత యని అడుగుటతో పెద్దల కర్తవ్యము తీరునా? ఆ ఉద్యోగమున అమ్మబడునదేమో, అది యెవరి సొత్తో విచారింపవలదా? ఈ ప్రశ్న మాకు గ్రంథములలో గాక వాడరేవు ఇసుకమీద తోచినది.

2022వ సంవత్సరమునుండి బాపట్ల జిల్లాలో చేరియున్న యీ రేవులో, పడవలు ఒడ్డు చేరగనే చేపలను ఇసుకపై కుప్పలు పోయుదురు. పాట పెట్టువాడు ధర పిలుచును. కొనువారు చుట్టును నిలిచి హెచ్చింతురు. అచట పాట పెట్టు వృద్ధుడొకడు మాకు పరిచితుడు. ఆయన కుమార్తె పట్టము పుచ్చుకొని, ఇంటనుండియే రాత్రివేళల పరదేశపు వర్తకులతో మాటలాడు పని చేయుచున్నది. సెల్‌ఫోనులలో ప్రకటనలు వేయించు సంస్థలో సేల్స్ డెవలప్‌మెంట్ రిప్రజెంటేటివ్ అని ఆమె పదవి పేరు. ఆమె తాను సరకు అమ్మదు, ధర కుదుర్పదు. కొనదగినవారి పేర్లు వెదకి, లేఖలు వ్రాసి, ఫోను చేసి, పలుమారులు కాదనిపించుకొని, తుదకొకనిని తన పైవారితో మాటలాడుటకు ఒప్పించును. నెలకు ఇందరిని ఒప్పించవలెనని లెక్క కలదు. ఆ లెక్కనుబట్టియే జీతముపై సొమ్ము.

ఇంతకును అమ్మునదేమని తండ్రి యడిగెను. "మన రేవు పాట వంటిదే, నాన్నా. ఎవరైనను ఫోనులో ఆట తెరచినప్పుడు ఆ తెరమీది చోటునకు వేలము జరుగును. ఆ ఫోను గుర్తును, ఒక్కొక్కప్పుడు మనిషి యున్న తావును పాడువారికి తెలుపుదురు. రెప్పపాటులో పాట ముగియును, గెలిచినవాని ప్రకటన కనబడును" అని ఆమె వివరించినది. వృద్ధుడు కొంత తడవూరకుండి, "మన పాటలో చేప తెచ్చినవాడు కుప్ప ప్రక్కనే యుండును గదా, అమ్మా. ఆ పాటలో చూపు గలవాడెక్కడ నుండును?" అనెను.

ఆమె బదులు చెప్పలేదు. వివరములన్నియు జనుల సమ్మతితోనే వచ్చినవని కొనువారికి చెప్పవలెనని, ఆమెకు వ్రాసియిచ్చిన మాటలలో నున్నది. అది నిజమో కాదో ఆమె యెరుగదు.

ఈ సందేహము నిరాధారము కాదు. బెంగళూరు కేంద్రముగా గల ఇన్‌మోబి సంస్థ, తావు తెలుపుటకు అనుమతి నిరాకరించినవారి జాడను సైతము వైఫై గుర్తులనుబట్టి తీసినదనియు, వారిలో పిల్లలును గలరనియు అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో ఆరోపించెను. ఆ సంస్థ 9,50,000 డాలర్లు చెల్లించుట కొప్పుకొనెను. యాప్‌లు జనుల జాడ తీయుటకు ముందుగా వారి నడుగవలెనని ఆపిల్ సంస్థ 2021లో నియమము చేసెను. పిల్లలను గురిచేయు ప్రకటనలను నిషేధించుచు మన దేశమునను 2023లో చట్టము చేయబడినది.

అట్లని ప్రకటనయే పాపమని మేమనము. పత్రికలవారమైన మేమును ప్రకటనలు వేయువారమే. ఆ రాబడి లేనిచో చందా పెరుగును. ఫోనులో ఉచితముగా లభించు వార్తకును ఆటకును ఆ రాబడియే యాధారము. కాని పత్రికలోని ప్రకటనను పాఠకుడు చూచును. అది పాఠకుని చూడదు. ఫోనులోని ప్రకటన ముందుగా మనిషిని చూచి, పిమ్మట తాను కనబడును. కావున అచట సమ్మతి మర్యాద మాత్రము కాదు, వర్తకమునకు మూలము. అది లేనిచో అమ్మినది పరుల సొత్తగును.

"నేను మొదటి మెట్టుమాత్రమే, సమ్మతి సంగతి పైవారెరుగుదురు" అని యా బాలిక యనవచ్చును. సంస్థ నడవడికంతకు ఆమె నుత్తరవాదిని చేయుట అన్యాయమే. ఉద్యోగము మానుమని చెప్పుటయు సులభమే. ఆ జీతముతో అన్నము తిననివారికి మరింత సులభము. పడవ రాని దినములలో ఆ యింట పొయ్యి వెలుగుట ఆమె సంపాదన వలననే. అయినను తన నోట వచ్చు మాటకు మాత్రము ఆమెయే పూర్తిగా కర్త. ఎరుగనిదానిని ఎరిగినట్లు చెప్పుట, వ్రాసియిచ్చినవాడు వేరొకడైనంతమాత్రమున సత్యము కానేరదు.

కావున ఆమె పనిలో నుండియే, ఆ సమ్మతి యెట్లు పుచ్చుకొనబడుచున్నదని పైవారిని అడుగవలయును. తెలియువరకు ఆ వాక్యమును విడిచి తక్కినది చెప్పవలయును. అందువలన నెల లెక్క తగ్గవచ్చును. అప్పుడు ఇంటివారు "ఈ నెల సొమ్ము తగ్గినదేమి?" అని గద్దించినచో ఆమె ధైర్యము నిలువదు. సంతానము సత్యము పలుకవలెనని కోరు తలిదండ్రులు ఆ సత్యమునకైన వెలలో తమ పాలు తాము భరింపవలయును. ఆ వృద్ధుడు అందుకు సిద్ధముగా నున్నాడని విని మేము సంతోషించితిమి.